కారణం రాయని మరమ్మతు

మా మామగారు కూర్చునే హాలుకీ, ఆయన కోడలు పనిచేసుకునే గదికీ మధ్య తలుపు లేదు. ఓ పూల కర్టెన్ ఉంది, అంతే. హాల్లో ఆయన తుమ్మితే లోపల ఆ అమ్మాయి కీబోర్డు ఆగుతుంది. అయినా సరే, పని విషయంలో ఆయన ఆమెకి ఒక మాట చెప్పాలంటే ఆ మాట హాల్లోంచి బయల్దేరి, సముద్రాల అడుగున కేబుళ్ళలో ఈది, ఎక్కడెక్కడి దేశాల్లోనో వేలమంది చదివాక, మళ్ళీ ఈదుకుంటూ వచ్చి కర్టెన్ అవతల పడుతుంది. "ఈ మార్పును అంగీకరించడం లేదు. ఎందుకు చేస్తున్నారో రాయలేదు" అని. ఇంట్లో "అమ్మాయ్, కాస్త టీ పెడతావా" అనే మనిషి, మెయిల్లో మాత్రం కోడల్ని మీరు అంటారు.

నేను ఆ ఇంటి అల్లుణ్ణి. కింది అంతస్తులో కాపురం, వీధి మలుపులో చెప్పుల కొట్టు. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది ఏమీ లేదు. కాబట్టి ఇందులో ఏదైనా అర్థమైతే అది ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పిన పుణ్యం, అర్థం కాకపోతే నా బుర్ర మహిమ. ఇప్పుడు చెప్పొచ్చు కూడా. గడువు దాటిపోయింది.

ఆ అమ్మాయికి గొళ్ళెం అని పేరు పెట్టింది నేనే. పెళ్ళయి ఇంటికొచ్చిన రోజు అందరూ ఆమెని చూస్తుంటే ఆమె బాల్కనీ తలుపు చూస్తోంది. ఏం చూస్తోందా అని నేనూ చూశాను. "అన్నయ్యా, ఈ గొళ్ళెం బయటివైపు ఉందేంటి?" అంది. నేను ఆ ఇంటికి అల్లుడిగా వచ్చి తల నెరిసింది, ఆ గొళ్ళెం బయట ఉందని అప్పటిదాకా గమనించలేదు. గమనించలేదని ఒప్పుకోవడం నామోషీగా అనిపించి, "గాలి కోసం" అన్నాను. గొళ్ళానికీ గాలికీ సంబంధమేమిటని ఆ పిల్ల అడగలేదు. మంచి పెంపకం. కానీ సాయంత్రానికల్లా దాన్ని ఊడదీసి లోపలివైపు బిగించింది. ఇప్పటికీ ఇంట్లోంచి బయటికెళ్తే మెట్లు సగం దిగి, ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ పైకెక్కి తలుపు లాగి చూసొస్తుంది. మా బావమరిది, అంటే ఆమె మొగుడు, ఆ సగం మెట్ల దగ్గర చెయ్యి గడ్డానికి ఆనించుకుని నిలబడి ఉంటాడు. వాడి సంసారంలో సగం ఆ మెట్టు మీదే గడిచింది.

ఆమె ఉద్యోగం కూడా అదే. కంప్యూటర్లో మనకి కనిపించే బొమ్మలూ బటన్లూ అన్నీ ముందు గదులేనట. వాటన్నిటి వెనక, ఎవరికీ కనిపించకుండా, ఎవరికెంత జాగా ఇవ్వాలో, ఏ తీగ ఎవరు ముట్టుకోవచ్చో చూసుకునే పెద్ద తలకాయ ఒకటి ఉంటుంది. దాన్ని కెర్నెల్ అంటారు. దానికి కన్నం పడిందంటే ఇంక ఆ కంప్యూటర్లో ఎవరి పెట్టెకీ తాళం లేనట్టే. అలాంటి కన్నాలు పూడ్చడం గొళ్ళెం పని. ఓసారి నా కొట్టుకొచ్చి బిల్లులు కొట్టే కంప్యూటర్ చూసింది. "అన్నయ్యా, పాస్‌వర్డు కాగితం మీద రాసి తెరకి అంటించారేంటి?" అంది. "మర్చిపోతానమ్మా" అన్నాను. మర్నాడు ఆమె మాట మీద గౌరవంతో ఆ కాగితాన్ని తలకిందులుగా అంటించాను. ఆమె చూసి ఓ నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఇక మామగారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగానే, సరదా కోసం, ఆ కెర్నెల్లో ఒక మూల రాశారు. కంప్యూటర్ వెనకాల పాతకాలం తీగ గుచ్చుకునే చోటు ఒకటుంటుంది చూడండి, దాంట్లోంచి లిఫ్టులతో, తూకం మిషన్లతో, ఆసుపత్రిలో మంచం పక్కన కూతపెట్టే పెట్టెలతో మాట్లాడే భాగం. నా కొట్లో బిల్లు ప్రింటర్ కూడా దాని మీదే బతుకుతోందట. కెర్నెల్ ఎవరి సొత్తూ కాదు. ప్రపంచంలో ఎవరైనా దానికి మార్పు పంపవచ్చు. కానీ ఒక్కో మూలకి ఒక్కో కాపలాదారు ఉంటాడు. ఆయన సరే అంటేనే మార్పు లోపలికి పోతుంది. ఈ మూలకి మొదట్నించీ మా మామగారే. అందరూ చదివే ఒక మెయిలింగ్ లిస్టు ఉంది, బేరసారాలన్నీ అక్కడే. ఎవరు ఏ మార్పు పంపినా ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఎందుకు?" అని. ఆ లిస్టులో ఆయన్ని "ఎందుకు గారు" అంటారని గొళ్ళెమే చెప్పింది. ఆయనకీ తెలుసు. లోలోపల మురుస్తారు కూడా.

ఆయనకి ఇంకో పట్టుదల ఉంది. కెర్నెల్ అందరిదీ కాబట్టి దాని గురించి మాట్లాడేది అందరి ముందే మాట్లాడాలి. ఎవరైనా ఆయనకి విడిగా మెయిల్ రాస్తే, జవాబు లిస్టు మొత్తానికి పంపుతారు. చెయ్యి అలా అలవాటు పడిపోయింది. మా ఆవిడ ఓసారి "నాన్నా, ఈయన స్కానింగ్ రిపోర్టు, కాస్త చూడు" అని ఆయనకి పంపింది. ఆయన యథాప్రకారం జవాబిచ్చారు. నా మూత్రపిండంలో రాయి ఎంత ఉందో, ఏ వైపుందో ప్రపంచంలోని ఇంజనీర్లందరికీ తెలిసింది. కొందరు త్వరగా కోలుకోవాలని రాశారు. ఒకాయన నీళ్ళు బాగా తాగమన్నాడు. మంచివాళ్ళే.

అసలు చిక్కు ఈ పట్టుదల దగ్గరే వచ్చింది.

ఎవరో ఒక పరిశోధకుడు మామగారి మూలలో ఒక కన్నం పట్టుకున్నాడు. అది గొళ్ళెం నాకు చెప్పిన తీరు ఇది: లాడ్జిలో ఒకడు గది ఖాళీ చేసి వెళ్ళాడు. గుమాస్తా ఆ గదిని ఇంకొకరికి ఇచ్చేశాడు. కానీ పాత తాళంచెవి ఇంకా బల్లమీదే ఉంది. అది తీసుకుని ఎవడైనా వెళ్ళి కొత్తవాడి గదిలో చొరబడొచ్చు. ఇక్కడ గుమాస్తా అంటే కెర్నెల్, గది అంటే కంప్యూటర్ జ్ఞాపకంలో కొంత జాగా. తీగ పీకేసే క్షణమూ, దాన్ని వాడుతున్న ప్రోగ్రాం మూసే క్షణమూ ఒకదాని మీద ఒకటి పడితే ఆ తాళంచెవి బల్లమీద మిగిలిపోతోంది. కాలేజీ కుర్రాడైనా సరే, ఆ చెవి పుచ్చుకుని కంప్యూటర్ మొత్తానికి యజమాని కావచ్చు. లిఫ్టుకైనా, ఆసుపత్రి పెట్టెకైనా.

ఇలాంటివి తెలిసినప్పుడు వెంటనే చాటింపు వెయ్యరు. గుట్టుగా ఉండే చిన్న బృందం ఒకటుంది. అందులో గొళ్ళెం కూడా ఉంది. ఫలానా రోజున బయటపెడదాం, ఈలోపు మరమ్మతు చేసి అందరి కంప్యూటర్లలోకీ పంపేద్దాం అని ఒక గడువు పెట్టుకుంటారు. అప్పటిదాకా పెళ్ళాం మొగుడి దగ్గర కూడా పెదవి విప్పకూడదు. మరమ్మతు అందరి కళ్ళముందే లిస్టులోకి వెళ్ళాలి, కానీ అది మరమ్మతని ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే దొంగలు వెనక్కి లెక్కకట్టి కన్నం కనిపెడతారు. అందుకని దాని మీద "కొంచెం సర్దాను" అని ఓ అమాయకమైన మాట రాసి పంపుతారు. అంటే ఆ అమ్మాయి చేసిన గొప్ప పనులన్నీ బయటికి ఇల్లు ఊడ్చినట్టు కనిపిస్తాయన్నమాట.

మామూలుగా అయితే ఆ మూల కాపలాదారుని బృందంలోకి పిలిచి చెవిలో చెబుతారు. కానీ మా మామగారిని ఇదివరకు ఓసారి పిలిచారు. విడిగా చెప్పారు. ఆయన జవాబు లిస్టు మొత్తానికి ఇచ్చారు. ఆ రోజు ఎన్ని దేశాల్లో ఎంతమంది భోజనాల మధ్యలో లేచి పరుగెత్తారో! అప్పట్నించీ గడువు రోజు దాకా ఆయనకి చెప్పకూడదన్నది బృందంలో కట్టుబాటు.

"ఆ మూల మా మామగారిదండీ. నాకు కాకుండా ఇంకెవరికైనా ఇవ్వండి" అని గొళ్ళెం బతిమాలిందట. "మంచిదేగా, ఒకే ఇల్లు, ఒప్పించడం తేలిక" అన్నారట. పెళ్ళికానివాళ్ళు అయ్యుంటారు.

మొదటి మార్పు వెళ్ళింది. "కొంచెం సర్దుబాటు." కర్టెన్ ఇవతలి నుంచి జవాబు: "ఇది ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. ఎందుకు కదపాలి?"

రెండోది. "చదవడానికి తేలిగ్గా ఉంటుందని." జవాబు: "నాకు ఇప్పుడు కూడా తేలిగ్గానే ఉంది."

మూడోదానికి ఇంకేదో సాకు కష్టపడి అల్లింది. దాని జోలికే ఆయన పోలేదు. ఆ రాతలో ఒక వరస చివర ఎవరికీ కనిపించని ఖాళీ జాగా ఒకటి మిగిలిందని తిప్పికొట్టారు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర అందరం ఉన్నాం. గొళ్ళెం కంచంలో వేలితో గీతలు గీస్తోంది.

"అమ్మాయ్, నువ్వు పంపినవి చూశాను. తెలివైనదానివి, ఇలా పనికిమాలిన సర్దుళ్ళు ఎందుకు పంపుతున్నావు?" అన్నారు మామగారు.

"ఊరికే మామయ్యగారూ."

"ఊరికే ఎవరైనా పనిచేస్తారా? ఎందుకో చెప్పు, ఇక్కడే ఒప్పేసుకుంటా."

ఆ పిల్ల నీళ్ళు నమిలి, "అందంగా ఉంటుందని" అంది.

"అందమా!" అన్నారు మామగారు, ఎవరో ఆయన కంచంలో చెప్పు పెట్టినట్టు. "లిఫ్టు నడిపేదానికి అందమేమిటమ్మా?"

మా అత్తగారు కలగజేసుకుని, "అందంగా ఉంటే మీకేం నొప్పి? ఒప్పుకోండి" అన్నారు. బావమరిది లేచి కారు కడగడానికి వెళ్ళిపోయాడు. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా వాడు కారు కడుగుతాడు. మా వీధిలో అంత మెరిసే కారు ఇంకోటి లేదు.

నాకు అప్పుడు తెలియనిది ఏమిటంటే, ఆ రోజు పొద్దున్నే బృందం నుంచి ఆమెకి మాట వచ్చింది. గడువు దగ్గరపడుతోంది, ఇంక ఆగలేం, ఆయన సంతకం అక్కర్లేకుండా కెర్నెల్ మొత్తానికి అందరికంటే పైనున్న పెద్దాయన చేత నేరుగా పెట్టిద్దాం, ఎలాగూ ఆయనకి వయసైంది, ఇదే ఊపులో ఆ మూలకి వేరే కాపలాదారుని చూద్దాం అని. ఎక్స్‌ఛేంజి పోయింది, తోటివాళ్ళు పోయారు, మోకాళ్ళు పోయాయి. ఆయనకి మిగిలింది ఆ మూల ఒక్కటే. పొద్దున లేచి పళ్ళు తోముకోకముందే దాన్ని చూసుకుంటారు. దాన్ని ఆయన చేతిలోంచి అందరి ముందూ లాగేస్తారు, అదీ తను చేసిన మరమ్మతు పేరు మీద. గొళ్ళెం కాళ్ళావేళ్ళా పడి నాలుగు రోజులు ఆగమంది. ఆయన్నే ఒప్పిస్తానంది. ఎలా ఒప్పించాలో తెలిస్తేగా!

మర్నాడు నేను కొట్టుకి బయల్దేరుతుంటే మెట్ల మీద కూర్చుని ఉంది. పాపం కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమ్మా, మామగారేమైనా అన్నారా?"

"అంటే బాగుండును అన్నయ్యా. తిట్టినా బాగుండును. మర్యాదగా తిప్పిపంపుతున్నారు."

"పోనీ అసలు విషయమేంటో చెప్పు, నేను మాట్లాడతా."

"చెప్పకూడదు."

"నాకు కూడానా?"

"మీకు అసలు చెప్పకూడదు" అని లేచి వెళ్ళిపోయింది. ఆ 'అసలు' అన్న మాట నన్ను గుచ్చింది. కాస్త పౌరుషం కూడా పొడుచుకొచ్చింది. ఇంటికి పెద్దల్లుణ్ణి. ఉన్నది ఒక్కణ్ణే అనుకోండి, అయినా పెద్దల్లుణ్ణే. నేరుగా మామగారి దగ్గరికెళ్ళాను. "చూడండీ, ఆ అమ్మాయి నలిగిపోతోంది. తిండి సరిగ్గా తినట్లేదు. ఆ ముక్కేదో ఒప్పేసుకుంటే మీ సొమ్మేం పోతుంది?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే అల్లుడుగారూ, ఆలోచిస్తాను" అన్నారు. కార్యం చక్కబెట్టానని ఈల వేసుకుంటూ కొట్టుకెళ్ళాను.

ఆయన ఆలోచన ఎప్పుడూ లిస్టులోనే. మధ్యాహ్నానికి లోకమంతా ఇది చదివింది: "చెప్పుల కొట్టు నడిపే మా అల్లుడుగారు, నా సమీక్షల వల్ల ఈ మార్పు రాసినవారి ఆకలి మందగించిందని తెలియజేశారు. ఇది సాంకేతిక కారణం కిందికి రాదు. అయినా మార్పును మరొకసారి పరిశీలిస్తాను."

గొళ్ళెం కొట్టుకొచ్చింది. కొనేవాళ్ళు ఉన్నారని కూడా చూడలేదు. "అన్నయ్యా, మీకో దణ్ణం. నా ఆకలి గురించి పది ఖండాల్లో చర్చ జరుగుతోంది" అంది. ఖండాలు పది లేవని నాకు తెలుసు. దిద్దే ధైర్యం లేకపోయింది. లిస్టులో అందరూ ఆమెకి భోజనం మీద సలహాలు రాస్తున్నారట. ఒకాయన మాత్రం నా కొట్లో బాగా పెద్ద సైజు బూట్లు దొరుకుతాయా అని అడిగాడు. దొరకవు. అప్పుడు అది చెప్పే సందర్భం కాదు.

అయితే విచిత్రంగా నా మాట పనిచేసింది. ఆ మరుసటి పొద్దున మామగారు మార్పుని ఒప్పుకున్నారు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి గొళ్ళెం మొహం వెలిగిపోతోంది. అత్తగారు కాఫీ ఇస్తున్నారు. నేను "చూశావా మరి" అన్నట్టు మీసం సర్దుకున్నాను. ఆమె తెరమీద చదువుతోంది. చదువుతూ చదువుతూ ఆగింది. కప్పు బల్లమీద పెట్టింది.

"లేదు" అంది.

"ఏం లేదు?"

"ఆ వరస లేదు. తీసేశారు." "మార్పు ఒప్పుకుని, కాస్త చక్కగా ఉంటుందని ఆయన చేత్తో సవరించారు. అనవసరంగా ఉందని ఒక వరస తీసేశారు. ఆ ఒక్క వరస కోసమే కదా మిగతా చెత్తంతా అల్లింది! అన్నయ్యా, గొళ్ళెం ఊడదీసి తలుపుకి రంగేశారు!"

నాకు ఏమీ అర్థం కాలేదు కానీ ఆమె తన పేరు తనే అన్నందుకు నవ్వొచ్చింది. నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆమె చూసిన చూపుకి కాఫీ చల్లారిపోయింది.

హాల్లోంచి మామగారు సంతోషంగా కేకేశారు. "అమ్మాయ్, చూశావా? ఇప్పుడు అందంగా ఉంది!"

ఆ పిల్ల బృందానికి రాసింది: ఆయనకి చెప్పనివ్వండి, పూచీ నాది అని. వద్దన్నారు. ఇంకోసారి రాసింది. ఆయన సంగతి మాకు తెలుసన్నారు. అప్పుడు లేచి మొహం కడుక్కుని, కర్టెన్ జరిపి హాల్లోకొచ్చింది. నేను వెనకాలే వచ్చాను. ఇంత జరుగుతుంటే చెప్పులమ్మడానికి ఎవరికి మనసొప్పుతుంది?

హాల్లో మూలగా మామగారి పాత కంప్యూటర్ ఒకటుంది. మార్పులన్నీ ఆయన ముందు దానిమీదే పరీక్షిస్తారు. దాని వెనక ఆ పాతకాలం తీగ, తీగ చివర ఎక్స్‌ఛేంజి నుంచి తెచ్చుకున్న డబ్బా ఒకటి.

"మామయ్యగారూ, ఓ చిన్న సాయం. నేను ఇక్కడ ఒకటి నొక్కుతుంటాను. మీరు ఆ తీగ పీకి, పెట్టి, పీకుతూ ఉంటారా?"

"ఎందుకు?" అన్నారాయన, సహజంగా.

"ఊరికే."

ఆమె ఆకలి సంగతి గుర్తొచ్చిందేమో, ఆయన మోకాళ్ళు పట్టుకుంటూ వంగి తీగ పీకారు, పెట్టారు. ఏమీ కాలేదు. మళ్ళీ. ఏమీ కాలేదు. "నడుం పోతోందమ్మా" అంటూ ఇంకోసారి పీకారు. తెర నల్లబడింది. ఆ నలుపులోంచి తెల్లటి అక్షరాలు బిలబిలమంటూ పైనుంచి కిందికి జారాయి. నాకు అవి చీమల పుట్ట పగిలినట్టు కనిపించాయి. మామగారు మాత్రం తీగ చేతిలో అలాగే పట్టుకుని తెర చదువుతూ నిలబడ్డారు.

తన కుర్చీలోకెళ్ళి కూర్చున్నారు. రోజూ వాడే కంప్యూటర్లో తన రాత తెరిచారు. ఆ అమ్మాయి పంపిన మార్పు తెరిచారు. తను తీసేసిన వరస దగ్గర వేలు పెట్టారు.

"ఈ తప్పు నేను రాసిందే" అన్నారు చివరికి. "మొదట్లో రాసింది. అప్పట్నించీ ఇలాగే ఉంది."

గొళ్ళెం ఆ నల్లబడ్డ కంప్యూటర్ ఆపేసింది.

"ఎందుకు చెప్పలేదు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ పెదవి కదపలేదు. ఆయన ఆమెవైపు చూశారు. ఎందుకు గారికి జీవితంలో మొదటిసారి జవాబు లేకుండానే జవాబు తెలిసింది. తెలిసిన మరుక్షణం ఆయన చేతులు వాటంతటవే కీబోర్డు మీదికెళ్ళాయి. కొత్త మెయిల్ తెరుచుకుంది. చిరునామా గడిలో, అలవాటు ప్రకారం, లిస్టు దానంతటదే వచ్చి కూర్చుంది. "ఇప్పుడే నా భాగంలో ఒక" అని రాసేశారు.

"మామయ్యగారూ!" అంది గొళ్ళెం.

ఆయన చేతులు ఆగాయి. లాగి చంకల్లో పెట్టుకున్నారు, చలేసినట్టు.

"అల్లుడుగారూ, ఆ ఇంటర్నెట్ డబ్బా ఊడబీకి కిందికి పట్టుకెళ్ళిపోండి. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు."

"ఎందుకండీ?" అన్నాను. ఆ ఇంట్లో ఆ ప్రశ్న నేను అడగడం అదే మొదలు.

"మీకు అసలు చెప్పకూడదు" అన్నారు మామాకోడళ్ళిద్దరూ ఒకేసారి.

డబ్బా చంకలో పెట్టుకుని కొట్టుకెళ్ళాను. టీవీలో సీరియల్ ఆగిపోయిందని అత్తగారు, ఆఫీసు మీటింగు తెగిపోయిందని బావమరిది కిందికి దిగి నన్ను వెతికారట. గొళ్ళెం తన ఫోను ఇంటర్నెట్‌తో, ఆయన పక్కన కూర్చుని, ఆ వరస మళ్ళీ పెట్టి పంపింది. ఆయన ఏం రాయాలో చెప్పారు, ఆమె నొక్కింది. "పొరపాటున తీసేశాను. తిరిగి పెట్టాను. అంగీకరించాను." అంతే. కారణం లేదు. బృందానికి మాత్రం "కాపలాదారు తనే కనిపెట్టారు, చేతులు కట్టుకుని కూర్చున్నారు" అని రాసింది. మార్పు ఆయన చేత్తోనే లోపలికెళ్ళింది. వేరే కాపలాదారు ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

హమ్మయ్య అనుకుంటున్నారేమో. అసలు నరకం అప్పుడు మొదలైంది. లిస్టులో జనం ఊరుకుంటారా? జీవితమంతా వాళ్ళని కారణం రాయలేదని తిప్పికొట్టిన మనిషి, కోడలి మార్పుని కారణం లేకుండా ఒప్పుకున్నాడు. తీసేసిన వరస మళ్ళీ పెట్టాడు. "ఎందుకు గారూ, ఎందుకు?" అని ఒకడు. "మాకూ ఓ కోడలుంటే బాగుండును" అని ఇంకొకడు. "అల్లుడి సిఫార్సు గట్టిదే" అని మరొకడు. ఏళ్ళ తరబడి వడ్డించిందంతా ఆయనకే తిరిగి వడ్డిస్తున్నారు. ఆయన దగ్గర అచ్చంగా సరిపోయే జవాబుంది, చెప్పడానికి లేదు.

గడువు దాకా ఆయన పగలంతా నా కొట్లోనే కూర్చున్నారు, ఇంట్లో ఉంటే చెయ్యి జారుతుందని. స్టూలు మీద కూర్చుని పళ్ళు నూరుతారు. ఖాళీ చెప్పుల డబ్బా మూత తీసుకుని దానిమీద కసిగా ఏదో రాస్తారు, చదువుకుంటారు, ముక్కలు ముక్కలుగా చింపేస్తారు. మూతల్లేని డబ్బాల్లో చెప్పులు పెట్టి ఇస్తుంటే కొనేవాళ్ళు నన్ను వింతగా చూసేవారు.

"ఎలా ఉంటుందమ్మా నీకు?" అని ఓ సాయంత్రం గొళ్ళెం ఆయన్ని తీసుకెళ్ళడానికొస్తే అడిగారు. "చేసిన పని చెప్పుకోడానికి లేక, అడిగినవాళ్ళకి జవాబివ్వడానికి లేక? రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే మామయ్యగారూ."

"ఛీ, పాడు ఉద్యోగం" అన్నారు. ఆ అన్న తీరులో ఎంత గౌరవముందో నాకు వినిపించింది. ఆమె మాత్రం నా తెరమీద తలకిందుల కాగితం పీకుతూ ఉంది.

గడువు రోజు రానే వచ్చింది. కన్నం ఏమిటో, ఎలా పూడ్చారో అందరికీ చెప్పే ప్రకటన గొళ్ళెం రాయాలి. అందులో ఒక ఆచారం ఉంది: ఈ తప్పు ఏ పాత మార్పుతో వచ్చింది, అది ఎవరు రాశారు అని ఒక వరస రాయాలి. ఆమె ఆ వరస వదిలేసి ముసాయిదా లిస్టుకి పంపింది. ఆయన పేరు అందరి ముందూ దోషిలా నిలబెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు. కర్టెన్ ఇవతలి నుంచి జవాబు వెళ్ళింది: "అంగీకరించడం లేదు. తప్పు ఎక్కడినుంచి వచ్చిందో రాయలేదు."

ఆమె కర్టెన్ పక్కకి లాగింది. "మామయ్యగారూ, అది మీ పేరండీ!"

"తెలుసు. రాయి."

"మీరెవరో తెలియని కుర్రాళ్ళు కూడా చదువుతారు. వెక్కిరిస్తారు."

"అల్లుడుగారి రాయి చదివారు, నీ ఆకలి చదివారు. నా తప్పు చదవకూడదా? ఎందుకు?"

ఆమె వెళ్ళి రాసింది. తప్పు రాసింది ఆయన, దాన్ని పూడ్చిన వరస రాసింది ఆమె, రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి. పంపింది. మేమంతా హాల్లో కూర్చున్నాం. ఆయన చదువుతున్నారు. కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతున్నారు. ఒకసారి చప్పుడు లేకుండా ముక్కు తుడుచుకున్నారు. అయిపోయిందనుకున్నాం. తర్వాత కీబోర్డు టకటకమంది. కాసేపటికి కర్టెన్ వెనక నుంచి కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు.

"రెండో వరస చివర ఖాళీ జాగా మిగిలిందా! ఇప్పుడా! ఇంత జరిగాకనా, మామయ్యగారూ?"

"పని విషయాలు లిస్టులో మాట్లాడమ్మా" అన్నారాయన, తెరమీంచి తల ఎత్తకుండానే. "అందరూ వినాలి."

బావమరిది బకెట్టు పట్టుకుని కారు కడగడానికి బయల్దేరాడు.